ఛార్జరు మారిస్తే బ్యాటరీ పోతుందా? పర్లాకిమిడి చుట్టుపక్కల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం నుంచీ, బోర్డర్ అవతల ఆంధ్రాలోని పాతపట్నం, మెళియాపుట్టి నుంచీ రిపేరు కౌంటరుకి వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలివి. "బ్యాటరీ పోయింది, మార్చెయ్" అంటూ వస్తారు గానీ, చాలాసార్లు తేడా కేబుల్లో ఉంటుంది. అది కాకపోతే ఛార్జర్లో. పిన్ను పెట్టే చోట దూది ఇరుక్కుని ఉండటం కూడా మామూలే. బ్యాటరీని అనుమానించడం ఆఖరి పని.

ఫోనుతో వచ్చిన ఛార్జరు పోయింది. వేరే కంపెనీది పెడితే బ్యాటరీ పాడవుతుందా?

కంపెనీ వేరైనంత మాత్రాన పాడవదు. గోడకి పెట్టే ఆ డబ్బా చేసేది ఒక్కటే పని: 230 వోల్టుల కరెంటుని 5కో 9కో తగ్గించి ఫోను దాకా పంపడం. బ్యాటరీలోకి ఎంత వెళ్లాలో, ఎప్పుడు ఆపాలో చూసుకునేది ఫోను లోపలుండే ఛార్జింగ్ ఐసీ, అంటే చిన్న చిప్పు. లిథియం బ్యాటరీ ఒక్కో సెల్లు నిండేది 4.2 వోల్టుల దగ్గర. ఇప్పటి ఫోన్లలో 4.4 దాటి కూడా ఉంటుంది. ఆ గీత దాటనివ్వకుండా కాపలా కాసేది ఫోనే, ఛార్జరు కాదు.

అసలు ఛార్జరు ఇవ్వడమే కంపెనీలు మానేస్తున్నాయి. 2020 అక్టోబరులో ఐఫోన్ 12తో ఆపిల్ మొదలుపెట్టింది, 2021 జనవరిలో గెలాక్సీ ఎస్21తో శాంసంగ్ అదే దారి పట్టింది. బయట కొనక తప్పదు కాబట్టి చూసుకోవాల్సింది రెండే సంగతులు. అది నికార్సయినదేనా? మన ఫోనుకి అర్థమయ్యే ఫాస్ట్ ఛార్జింగ్ పద్ధతి దానిలో ఉందా? మొదటిది తప్పితే ప్రమాదం. రెండోది తప్పితే ఆలస్యం, అంతే.

67 వాట్ ఛార్జరు నా 18 వాట్ ఫోనుకి పెడితే కాలిపోదా?

కాలిపోదు. బావిలో ఎన్ని నీళ్లున్నా చేద ఎంతుంటే అంతే పైకొస్తుంది. ఫోను తనకి కావలసినంతే లాక్కుంటుంది. ఎక్కువ వోల్టేజీ కావాలంటే ముందు ఫోను అడగాలి, ఛార్జరు ఒప్పుకోవాలి. ఆ మాటామంతీ కుదరకపోతే మామూలు 5 వోల్టుల దగ్గరే ఆగిపోతుంది. 65 వాట్ల టైప్-సీ ల్యాప్‌టాప్ ఛార్జరు కూడా ఫోనుకి నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

తిరగేసి అడిగేవాళ్లూ ఉన్నారు: 67 వాట్ ఫోనుకి పాత 10 వాట్ ఛార్జరు పెట్టొచ్చా అని. పెట్టొచ్చు. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ నిండటానికి మూడు గంటలు పట్టొచ్చు, ఫోను మాత్రం చల్లగా ఉంటుంది.

33 వాట్ అని డబ్బా మీద చూసి కొన్నాను. పెడితే నెమ్మదిగానే ఎక్కుతోంది. మోసమా?

మోసం కాకపోవచ్చు. ఫాస్ట్ ఛార్జింగులో రకాలున్నాయి. యూఎస్‌బీ పీడీ (పవర్ డెలివరీ) అన్ని కంపెనీలకీ ఉమ్మడి పద్ధతి. దానిలోనే పీపీఎస్ అనే పద్ధతి ఉంది. అందులో ఫోను అడిగినట్టల్లా వోల్టేజీని 0.02 వోల్టు చొప్పున పెంచుతూ తగ్గిస్తూ ఇస్తుంది. దానివల్ల ఫోను లోపల వేడి తగ్గుతుంది. శాంసంగ్ 25 వాట్ 'సూపర్ ఫాస్ట్' రావాలంటే పీపీఎస్ ఉండాల్సిందే, మామూలు 20 వాట్ పీడీ ఛార్జరు పెడితే ఉత్త 'ఫాస్ట్' అని చూపిస్తుంది. ఒప్పో, వన్‌ప్లస్, రియల్‌మీ వాళ్ల సూపర్‌వూక్ దారి వేరు. 65 వాట్ల దాంట్లో 10 వోల్టుల దగ్గర 6.5 యాంపులు పారతాయి కాబట్టి లావు కేబులు, ఆ పద్ధతి తెలిసిన ఛార్జరు, రెండూ ఉండాలి. వాటిలో ఏది తేడా వచ్చినా ఫోను తక్కువ స్పీడుకి దిగిపోతుంది.

కొనేటప్పుడు డబ్బా మీది పెద్దక్షరాలు చూడకండి, ఛార్జరు వీపు మీద సన్నక్షరాల్లో ఉండే 'అవుట్‌పుట్' లైను చదవండి. వోల్టులు, యాంపులు గుణిస్తే వాట్లు వస్తాయి. 9 వోల్టులు, 2.22 యాంపులు అని ఉంటే అది 20 వాట్ల ఛార్జరు, పైన ఏం రాసినా సరే.

ఫాస్ట్ ఛార్జింగ్ బ్యాటరీని తినేస్తుందంటారు. నిజమేనా?

కొంత నిజం. దానికి కారణం స్పీడు కన్నా వేడి.

లెక్క చూద్దాం. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో పట్టే శక్తి సుమారు 19 వాట్-అవర్లు. అంటే 20 వాట్లతో నింపితే గంట, గంటంపావు పని. లిథియం బ్యాటరీకి అది మామూలు వేగమే. 67 వాట్లంటే దానికి మూడు రెట్లు దాటింది. అందుకే చాలా ఫోన్లలో బ్యాటరీని రెండు సెల్లులుగా చేసి, చుట్టూ టెంపరేచర్ సెన్సర్లు పెట్టి, వేడెక్కితే స్పీడు తగ్గేలా కట్టుదిట్టం చేస్తారు. పైగా ఆ 67 వాట్లు మొదట్లో కాసేపే ఉంటుంది. సగం దాటాక తగ్గుతూ వస్తుంది, 80 శాతం తర్వాత ఏ ఫోనైనా నెమ్మదే. ఆఖరి 10 శాతం ఎక్కడం లేదని ఛార్జర్ని తిట్టుకోకండి, అది అలా ఉండటమే మంచిది.

వేడి సంగతి వేరు. లోపలి ద్రవం వేడికి మెల్లగా విరిగిపోయి, పలకల మీద పొరలా పేరుకుంటుంది. ఆ పొర మందం అయ్యేకొద్దీ బ్యాటరీ పట్టే ఛార్జి తగ్గుతుంది, అది మళ్లీ వెనక్కి రాదు. చుట్టూ గాలి 35 డిగ్రీలు దాటిన చోట వాడితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గొచ్చని ఆపిల్ వాళ్లే చెబుతారు. మన దగ్గర వైశాఖంలో రేకుల ఇంట్లో మధ్యాహ్నం 35 అంటే చల్లగా ఉన్నట్టు. అలాంటి గదిలో, మందపాటి రబ్బరు కవరుతో, 67 వాట్లు పెట్టి, పైన గేమ్ ఆడితే ఏ కంపెనీ ఛార్జరూ కాపాడలేదు.

నా సలహా: బయల్దేరే ముందు అరగంటలో ఎక్కాలంటే ఫాస్ట్ వాడండి, భయం లేదు. తీరిగ్గా ఉన్నప్పుడు 10, 18 వాట్ల ఛార్జరు చాలు. కొత్తగా ఒక్కటే కొంటానంటే 25, 33 వాట్ల మధ్యలో పీడీ, పీపీఎస్ రెండూ ఉన్నది తీసుకోండి. ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది.

రాత్రి పెట్టి పొద్దున్న తీస్తే?

ఓవర్ ఛార్జి అవదు. నిండగానే ఫోను ఆపేస్తుంది, కొంచెం దిగితే మళ్లీ నింపుతుంది. కాకపోతే 100 శాతం దగ్గర గంటల తరబడి ఉండటం లిథియం బ్యాటరీకి పడదు. అందుకే సెట్టింగ్స్‌లో 80, 85 శాతం దగ్గర ఆపే ఆప్షను చాలా ఫోన్లలో ఇస్తున్నారు. 'బ్యాటరీ ప్రొటెక్షన్', 'ఆప్టిమైజ్డ్ ఛార్జింగ్', 'ఛార్జ్ లిమిట్' లాంటి పేర్లతో ఉంటుంది. ఆన్ చేసుకోండి. రోజంతా తిరిగేవాళ్లకి ఆ 20 శాతం కావాలంటే వదిలెయ్యండి. బ్యాటరీ ఉన్నది మన కోసం, మనం దాని కోసం టెన్షన్ పడక్కర్లేదు.

దిండు కింద, దుప్పటిలో, పరుపు మీద మాత్రం వద్దు. ఇక్కడ మాట బ్యాటరీ ఆయుష్షు గురించి కాదు, ఇల్లు గురించి.

"బావూ, సంతలో వంద రూపాయలకి ఇచ్చాడు, ఒరిజినలే అన్నాడు." వాడొచ్చా?

వద్దు. ఎందుకో తెలియాలంటే ఒకటి విప్పి చూడాలి. కౌంటరు మీద అడిగితే చూపిస్తాం.

వంద రూపాయల దాంట్లో ఉండేది రెండు వేళ్ల వెడల్పు బోర్డు, నాలుగు డయోడ్లు, ఒక ట్రాన్సిస్టరు, చిన్న ట్రాన్స్‌ఫార్మరు, ఒకటి రెండు కెపాసిటర్లు. ఫ్యూజు ఉండదు. వోల్టేజీ పెరిగితే సరిదిద్దే సర్క్యూట్ ఉండదు. అన్నిటికన్నా భయపెట్టేది, 230 వోల్టుల రాగి గీతకీ ఫోను వైపు వెళ్లే గీతకీ మధ్య జాగా ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉండటం. వానాకాలం తేమకి ఆ జాగాలో మసి పట్టిందంటే కరెంటు అటునుంచి ఇటు దూకేస్తుంది. ఫోను చేతిలో ఉంటే ఆ కరెంటు మన చేతికే.

మంచిది విప్పితే తేడా కంటికే తెలుస్తుంది. రెండు వైపులకీ మధ్య 5, 6 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది, కొన్నిట్లో బోర్డుకే అక్కడ గాడి కోసి ఉంటుంది. ఆ ఖాళీ మీద వంతెనలా కూర్చుని ఒక చిన్న నల్ల ఐసీ. అది ఆప్టోకప్లర్. అవతల వోల్టేజీ ఎంతుందో ఇవతలకి వెలుతురుతో కబురు పంపుతుంది, కరెంటుతో కాదు. ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ పసుపు టేపు, మొదట్లో ఫ్యూజు. ఇవన్నీ పెట్టి వంద రూపాయలకి అమ్మడం ఎవరికీ గిట్టదు.

నాసిరకం ఛార్జరు బ్యాటరీని మెల్లమెల్లగా చంపేస్తుందనే మాట సగమే నిజం. ఫోను లోపలి ఐసీ కొంత గందరగోళాన్ని సర్దుకుంటుంది. ముందుగా పోయేది ఆ ఐసీయే. అది పోతే బోర్డు పని. బ్యాటరీ మార్చడం కన్నా ఖర్చెక్కువ.

మంచిదని ఎలా గుర్తుపట్టాలి?

మన దేశంలో ఫోను ఛార్జర్లకి బీఐఎస్ (వస్తువుల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఛార్జరు మీద బీఐఎస్ గుర్తు, 'ఆర్' అక్షరం, గీత, దాని పక్కన 8 అంకెల నంబరు ఉండాలి. చాలావాటి మీద ఐఎస్ 13252 అనే ప్రమాణం నంబరు కూడా కనిపిస్తుంది. ఫోన్లో 'బీఐఎస్ కేర్' యాప్ వేసుకుని ఆ ఆర్-నంబరు కొడితే ఏ కంపెనీకి, ఏ వస్తువుకి ఇచ్చారో వస్తుంది. ఛార్జరు మీద ఒక పేరుండి యాప్‌లో ఎల్‌ఈడీ బల్బుల కంపెనీ వచ్చిందంటే దుకాణంలోనే వెనక్కి ఇచ్చెయ్యండి.

ఛార్జింగులో ఉంటే టచ్ దానంతటదే నొక్కుకుంటోంది. ఒక్కోసారి చెయ్యి జిలపెడుతోంది.

టచ్ పిచ్చిగా నొక్కుకుంటే ఛార్జరు నుంచి వచ్చే కరెంటులో నాయిస్ (అడ్డదిడ్డమైన హెచ్చుతగ్గులు) ఎక్కువుందని అర్థం. స్క్రీను కనిపెట్టేది వేలి దగ్గరి అతి చిన్న కరెంటు మార్పుని. నాయిస్ దాన్ని కలిపేస్తుంది. ఛార్జరు తీయగానే బాగుంటే డిస్‌ప్లే మార్పించుకోకండి, ఛార్జరు మార్చండి.

చెయ్యి జిలపెట్టడం వేరు. ఎర్త్ పిన్ను లేని రెండు పిన్నుల ఛార్జర్లన్నిట్లో, మంచివాటిల్లోనూ, నాయిస్ అణచడానికి పెట్టే కెపాసిటర్ గుండా అతి కొద్ది కరెంటు కారుతుంది. మెటల్ ఫ్రేము ఫోనుని వట్టికాళ్లతో తడి గచ్చు మీద నిలబడి తాకితే సన్నగా తెలుస్తుంది. వేలు వెనక్కి లాక్కునేంత కొడితే మాత్రం ముందు స్విచ్ ఆపి, తర్వాత ఛార్జరు తీసి, మళ్లీ ఎవరూ వాడకుండా వైరు కోసి పడెయ్యండి.

కేబులు ఏదైతేనేం?

అక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. సన్నటి 28 గేజ్ తీగ మీటరుకి 0.21 ఓముల అడ్డు చూపిస్తుంది. రానూపోనూ 0.42. అందులో 2 యాంపులు పారితే దారిలోనే సుమారు 0.85 వోల్టు పోతుంది. 5 వోల్టులు బయల్దేరితే ఫోనుకి అందేది 4.15. అంతకి బ్యాటరీ నిండేదెలా? అది చూసి ఫోను కరెంటు తగ్గించేసుకుంటుంది. అదే కాస్త లావుండే 24 గేజ్ తీగలో పోయేది 0.34 వోల్టు. రెండు మీటర్ల కేబులైతే ఈ లెక్క రెట్టింపు. మంచం దాకా రావాలని పొడుగు కేబులు కొనేవాళ్లు లావుది తీసుకోవాలి.

రెండు వైపులా టైప్-సీ ఉన్న మామూలు కేబులు 3 యాంపుల వరకే. 5 యాంపులు మోయాలంటే పిన్నులో ఈ-మార్కర్ అనే చిప్పు ఉండాలి. పిన్ను వదులై కదిలిస్తేనే ఎక్కుతున్న కేబుల్ని మడిచి, రబ్బరు బ్యాండు వేసి వాడకండి. వదులు పిన్ను దగ్గర వేడి పుట్టి ఫోను పోర్టే కరుగుతుంది. పోర్టులో దూది ఉంటే ఫోను ఆపి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీసుకోవచ్చు. గుండుసూది మాత్రం పెట్టొద్దు.

టైప్-సీ పోర్టే ఉంది, కానీ కొత్త ఛార్జరుకి మా నాన్న కీప్యాడ్ ఫోను ఎక్కడం లేదు.

చవక కీప్యాడ్ ఫోన్లు, టార్చి లైట్లు, ఇయర్‌బడ్స్ కొన్నిటిలో టైప్-సీ పోర్టు పెడతారు గానీ లోపల రెండు చిన్న రెసిస్టర్లు పెట్టరు. అవి లేకపోతే అవతల ఏదో వస్తువు ఉందని పీడీ ఛార్జరుకి తెలియదు, కరెంటు వదలదు. పాత వెడల్పు యూఎస్‌బీ ఛార్జరు, దాని కేబులు పెడితే ఎక్కేస్తుంది. ఫోను పాడవలేదు.

మా ఊళ్లో వోల్టేజీ నిలకడగా ఉండదు. గాలివాన రోజుల్లో ఏం చెయ్యాలి?

తక్కువ వోల్టేజీకి భయం లేదు. మంచి ఛార్జరు మీద 'ఇన్‌పుట్ 100–240' అని ఉంటుంది. ఫ్యాను తిరగని 150 వోల్టుల దగ్గర కూడా ఛార్జరు సరిగ్గానే ఇస్తుంది.

ఎక్కువ వోల్టేజీతోనే చిక్కు. గాలివానకి స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ తెగితే ఇంట్లోకి 230 బదులు 300, 350, అంతకన్నా ఎక్కువ కూడా వచ్చెయ్యొచ్చు. రెండు ఫేజుల మధ్య ఉండేది 400 వోల్టులు మరి. బల్బులు ఉన్నట్టుండి తెల్లగా వెలిగి, ఫ్యాను జోరు పెరిగిందంటే అదే గుర్తు. ఆ క్షణంలో మెయిన్ ఆపెయ్యాలి. ఇలాంటప్పుడు మంచి ఛార్జరు ఫ్యూజు కొట్టేసుకుని తాను పోయి ఫోనుని మిగుల్చుతుంది. సంత ఛార్జరు ఫోనుని కూడా వెంట తీసుకుపోతుంది. పిడుగుకి మాత్రం మంచిదైనా చెడ్డదైనా ఒకటే. ఉరుములు మొదలవగానే ప్లగ్గు పీకెయ్యండి. స్విచ్ ఆపితే సరిపోదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో, అవతల శ్రీకాకుళంలో రోజుల తరబడి కరెంటు లేని సంగతి ఎవరూ మర్చిపోలేదు. తుపాను కబురు వినగానే ఫోన్లు, పవర్ బ్యాంకులు నూటికి నూరు నింపి పెట్టుకోండి. 80 శాతం నియమం ఆ రోజుకి పక్కన పెట్టండి. చిన్న జనరేటర్ల మీద నేరుగా పెట్టేకన్నా పవర్ బ్యాంకు నింపుకుని దాన్నించి ఫోనుకి పెట్టడం మేలు. దెబ్బ తగిలితే పవర్ బ్యాంకుకే తగులుతుంది.

కొండల మీద మా ఊరెళ్తే సాయంత్రానికే ఛార్జి అయిపోతోంది. ఛార్జరు తేడానా?

కాదు, సిగ్నల్. టవరు దూరమైనకొద్దీ ఫోను ఎక్కువ శక్తితో అరవాలి. పైగా మనది బోర్డరు. ఒడిశా సర్కిల్ టవరు ఒకటి, ఆంధ్రా సర్కిల్ టవరు ఒకటి అందుతూ పోతూ ఉంటే ఫోను రోజంతా అటూ ఇటూ వెతుకుతూనే ఉంటుంది. అదే బ్యాటరీని తాగుతుంది, జేబులో వేడీ పుట్టిస్తుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ని మాన్యువల్‌గా ఎంచుకోండి, 5జీ లేని చోట 4జీకి దించండి, పడుకునేటప్పుడు ఏరోప్లేన్ మోడ్ వెయ్యండి.

సున్నా దాకా వాడి, నూటికి నింపాలంటారు కదా?

అది నికెల్-కాడ్మియం బ్యాటరీల కాలం మాట. లిథియంకి వర్తించదు. ఎప్పుడు వీలైతే అప్పుడు కొంచెం కొంచెం పెట్టుకోవచ్చు.

బ్యాటరీ నిజంగా పోయిందని ఎలా తెలుస్తుంది?

30 శాతం ఉండగా కెమెరా తెరవగానే ఆఫ్ అయిపోవడం, ఛార్జరు పెట్టగానే ఒక్కసారిగా 20 శాతం పెరిగినట్టు చూపించడం, ఇవి ముసలితనం గుర్తులు. ఐఫోన్లలో 'బ్యాటరీ హెల్త్' శాతంలో కనిపిస్తుంది, కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లు కొన్ని సైకిళ్ల లెక్క కూడా చూపిస్తున్నాయి. సైకిల్ అంటే మొత్తమ్మీద 100 శాతం వాడకం. ఇవాళ 50, రేపు 50 వాడితే ఒకటి. ఐఫోన్ 14 వరకూ 500 సైకిళ్లకి, 15 నుంచి 1000 సైకిళ్లకి 80 శాతం సామర్థ్యం నిలిచేలా చేశామని ఆపిల్ చెబుతోంది. 2025 జూన్ నుంచి యూరప్‌లో అమ్మే ఫోన్లకి 800 సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం ఉండాలని రూలు పెట్టారు. మామూలు వాడకానికి రెండేళ్లు, మూడేళ్లు వచ్చిందంటే దాని పని అది చేసినట్టే. ఛార్జర్ని నిందించక్కర్లేదు.

వెనక డొప్ప పైకి లేచింది. ఇంకా పనిచేస్తోంది, వాడొచ్చా?

వాడొద్దు. లోపల గ్యాసు నిండి బ్యాటరీ ఉబ్బింది. ఛార్జింగు పెట్టకండి. డొప్పని నొక్కి మూయకండి. గ్యాసు పోతుందని సూదితో పొడిచేవాళ్లున్నారు, దాని ఫలితం మంట. ఫోను ఆఫ్ చేసి, గుడ్డలకీ గడ్డికీ దూరంగా గట్టి నేల మీద ఉంచి, వీలైనంత త్వరగా షాపుకి తీసుకురండి. జేబులో పెట్టుకోకండి, బండి డిక్కీలో ఎండకి వదలకండి.

తీసిన బ్యాటరీని చెత్తకుప్పలో వెయ్యొద్దు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసేవాళ్లది. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చే ముందు దాని రెండు కొనలకీ సెల్లోటేప్ అంటించండి, ఒకదానికొకటి తగిలి నిప్పు పుట్టకుండా.